పంతొమ్మిదో నంబరు వ్యాసం

డాక్టర్ సత్యానందం గారు ఏ వ్యాసాన్నైనా చివరి పేజీ నుంచే చదివేవారు. ఆధారాల జాబితా ముందు పెట్టుకుని, శిష్యులు తమ కళ్లతో తెరిచి చూసిన వ్యాసాలకు మాత్రమే పెన్సిల్‌తో టిక్కు పెట్టేవారు. అన్నిటికీ టిక్కులు పడితే గానీ రాసినది ఆయన గది దాటి ఏ పత్రికకూ వెళ్లేది కాదు. ఆ వైద్య కళాశాలలో దీన్ని చాదస్తం అన్నవాళ్లున్నారు. చాదస్తమే కావచ్చు. ఒక మధ్యాహ్నం ఆ చాదస్తం ఏం చేసిందో చెబుతాను. విన్నాక ఎవరేమనుకున్నా నాకు పట్టదు.

నఫీసా ఆయన దగ్గర పీజీ చేస్తున్న డాక్టరు. కట్లపాము కాటు మీద రెండేళ్లు కష్టపడి తన మొదటి వ్యాసం రాసింది. ఆధారాలు తమ పద్ధతిలో లేవని పత్రికవాళ్లు ఒకసారి తిప్పి పంపారు. మళ్లీ పంపడానికి ఆ రోజు సాయంత్రం ఐదు వరకే గడువు. మూడు రోజులు కూర్చుని, వ్యాసంలో ముందు వచ్చినదానికి ముందు అంకె వేసి, ఆరుగురు దాటిన రచయితలను 'ఇతరులు' అని కుదించి, పత్రికల పేర్లను పొట్టి రూపాల్లోకి మార్చి, నలభై రెండు ఆధారాలూ సరిచేసింది. ఒంటిగంటన్నరకు తెచ్చి గురువు బల్ల మీద పెట్టింది.

ఒక్కొక్క ఆధారానికీ ఆమె నకలు తీసి చూపిస్తుంటే పెన్సిల్ పద్దెనిమిది దాకా ఆగకుండా నడిచింది. పంతొమ్మిదికి నకలు లేదు. అది నలభై ఏళ్ల నాటిది. పేరు 'కట్లపాము కాటు: పన్నెండు గంటల పరిశీలన'. కరిచిన పన్నెండు గంటల్లోగా లక్షణాలు కనబడకపోతే రోగిని ఇంటికి పంపవచ్చని నఫీసా రాసిన వాక్యానికి ఆధారం అదొక్కటే. వేరే వ్యాసం జాబితాలోంచి ఎత్తి రాశానని ఆమె ఒప్పుకుంది. ఇక ఓర్పు చాలక అడిగేసింది.

"సార్, ఈ చివరి పేజీలు ఎవరు చదువుతారు? అందరూ రాసిందే నేనూ రాశాను. రోగిని చూసుకోవాల్సిన టైమంతా దీనికే పోతోంది."

గురువు వాదించలేదు. ఆ వ్యాసం తనకు తెలిసినదేనంటూ టిక్కు పెట్టబోయి, ఏమనుకున్నారో పెన్సిల్ వెనక్కి తీసుకున్నారు. "తెలుసు గానీ నేనూ చూళ్లేదమ్మా. వెళ్లి పట్టుకురా" అన్నారు.

ఆమె వార్డు మీదుగా వెళ్లింది. అక్కడ మూడో మంచం మీద ఎర్రన్న ఉన్నాడు. మిరప కళ్లంలో కాపలాకు నేల మీద పడుకుంటే తెల్లవారుజామున నాలుగింటికి కట్లపాము కరిచింది. చచ్చిన పామును సంచిలో వేసుకొచ్చారు కనుక ఏ పామో అనుమానం లేదు. పొద్దుటి నుంచీ మాత్రం కడుపునొప్పి లేదు, రెప్పలు వాలలేదు. సాయంత్రం నాలుగింటికి పన్నెండు గంటలు నిండుతాయి, అప్పుడు పంపేయమని కేసుషీటులో రాసింది నఫీసాయే. అతని భార్య తిరపతమ్మ అప్పటికే మూట కట్టేసింది. నాలుగున్నర బస్సు తప్పితే ఊరికి మళ్లీ పొద్దున్నే బస్సు. "ఆ సంతకమేదో ఇప్పుడే గీకెయ్యరాదా డాక్టరమ్మా? కళ్లంలో కాయలు నువ్వొచ్చి కాస్తావా?" అంది నవ్వుతూ. నాలుగింటికి పంపేయమని నర్సుకు చెప్పి నఫీసా లైబ్రరీకి పరుగెత్తింది.

కంప్యూటరులో వ్యాసం పేరు దొరికింది గానీ లోపలి పేజీలు లేవు. పాత సంచికలు కింది గదిలో ఉన్నాయని లైబ్రేరియన్ గంగరాజు తాళం తెచ్చాడు. ఈ తాళం అడిగినవాళ్లు పదేళ్లలో ఎవరూ లేరని ఆయనకు ఒకటే సంబరం. ఆ ఏడాది సంపుటం తీసి చూస్తే అందులో ఆ నెల సంచికే లేదు. రెండు గంటలు దాటింది, మూడు దాటింది. ఇద్దరూ దుమ్ములో కూర్చుని ఒక్కొక్క కట్టా విప్పారు. చివరికి పక్క ఏడాది సంపుటంలో, బైండు చేసినవాడు పొరపాటున కలిపి కుట్టేసిన ఆ సంచిక దొరికింది. నఫీసా నిలబడే చదివింది. పన్నెండు గంటలు ఏ లక్షణమూ లేని ముప్పై ఒక్కమందిని ఇంటికి పంపామని మొదటి పేజీలో ఉంది. హమ్మయ్య అనుకుని పేజీ తిప్పింది.

వారిలో నలుగురిని బంధువులు మళ్లీ మోసుకొచ్చారు. ఇద్దరు దారిలోనే పోయారు. పన్నెండు గంటలు చాలవు, పూర్తిగా ఒక రోజు ఉంచుకోవాలి అని చెప్పడానికే ఆ పాత డాక్టరు ఆ వ్యాసం రాశాడు.

గడియారం నాలుగూ పది చూపిస్తోంది. ఆమె పుస్తకంతో సహా పరుగు తీసింది. సంపుటాలు బయటికి ఇవ్వకూడదని అరుస్తూ గంగరాజు వెనకాల పరుగు తీశాడు. వార్డులో మూడో మంచం ఖాళీగా ఉంది. మెట్లు దిగి, ఓపీ దాటి, గేటు దగ్గర ఆటో ఎక్కబోతున్న ఎర్రన్న చెయ్యి పట్టుకుంది. తిరపతమ్మకు కోపం వచ్చింది. పొద్దున ఒక మాట, ఇప్పుడొక మాటా అని నిలదీసింది.

"పొద్దున చదవకుండా రాశానమ్మా" అంది నఫీసా.

ఆ మాట విని తిరపతమ్మ మూట ఆటోలోంచి దింపింది. ఆరింటికి ఎర్రన్న రెప్పలు వాలిపోయాయి. ఏడింటికి ఊపిరి అందలేదు. అప్పటికి అతను మంచం మీద ఉన్నాడు, పాము విషానికి మందు ఎక్కుతోంది, ఊపిరి ఆడించే యంత్రం పక్కనే ఉంది. మూడో రోజు గొంతులోంచి గొట్టం తీశాక అతను మొదట అడిగింది కాయల సంగతే.

ఐదింటి గడువు ఎప్పుడో దాటిపోయింది. జరిగింది రాసి పంపితే పత్రికవాళ్లు ఇంకో వారం ఇచ్చారు. ఆ వారంలో నఫీసాకు ఒక పట్టుదల పుట్టింది. ఈ పన్నెండు గంటల మాట మొదట ఎవరు తప్పుగా రాశారో చూడాలనుకుంది. తను ఎత్తి రాసిన వ్యాసం తెరిస్తే అది ఇంకొకదాన్ని చూపించింది. అది మరొకదాన్ని చూపించింది. అలా ఐదు తెరిచింది. ఎవరూ పాత వ్యాసాన్ని విప్పలేదు, ఒకరి జాబితాలోంచి ఒకరు దించుకున్నారు. అన్నిటికన్నా ముందుది, పదహారేళ్ల కిందటిది, డాక్టర్ సత్యానందం గారిది.

ఆ వ్యాసం తెచ్చి ఆమె ఆయన ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివారు. ఆ రోజుల్లో ఆ సంపుటం కనబడలేదనీ, వ్యాసం పేరు చూసి లోపల ఏముంటుందో తానే ఊహించుకున్నాననీ మెల్లగా చెప్పారు. పాత వ్యాసం ఒక్కటి చూపిస్తే చాలు, మీది వదిలేసినా నష్టం లేదు సార్ అంది నఫీసా.

ఆయన జాబితా దగ్గరికి లాక్కుని, పంతొమ్మిది కింద తన వ్యాసం పేరు తానే రాశారు. ఇరవై నుంచి నలభై రెండు దాకా అంకెలన్నీ మళ్లీ మారాయి.

"సంవత్సరం, సంపుటం, పేజీ సరిచూసుకో. ఈ తప్పు ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వచ్చినవాడు నేరుగా నా గుమ్మంలోకే రావాలి."