సైకిల్ చక్రంలో సింహాద్రి

అనగనగా ఒక ఊళ్ళో, బెల్లం వండే పొయ్యిల వాసనకి చీమలు కూడా దారి తప్పిపోయే ఊళ్ళో, నూకరత్నం అని ఒక గుంట ఉండేది. గుంట అంటే నీలాంటిదేలే. కాకపోతే అది ముద్ద ముద్దకీ వాళ్ళ అమ్మమ్మని వీధంతా తిప్పేది కాదు. సరే సరే, మూతి ముడవకు. ఊఁ కొట్టు మరి, ఊఁ కొడితేనే చెప్తాను.

ఆ నూకరత్నం వాళ్ళ నాన్న పేరు సింహాద్రి. ఆయన కబడ్డీ ఆటగాడు. ఆటగాడంటే కూతకెళ్ళి నలుగుర్ని ముట్టుకుని గెంతుకుంటూ వచ్చేవాడు అనుకునేవు, అదేం కాదు. జట్టులో ఎవరికైనా కాలు బెణికితే దిగడానికని పక్కన బల్ల మీద కూర్చునేవాడు. పాపం, ఆ జట్టులో ఎవరి కాళ్ళూ బెణికేవి కావు.

అప్పట్లో పిప్పరమెంటు పొట్లాల్లో కబడ్డీ ఆటగాళ్ళ కార్డులు వచ్చేవి. పొట్లానికి ఒక కార్డు. పిప్పరమెంటు నోట్లో వేసుకున్నంతసేపు ఉండేది కాదు. కార్డుని మాత్రం పిల్లలు పక్కలో పెట్టుకుని పడుకునేవారు. అందరికీ కావలసింది ఒక్కడే, రాకెట్టు రుద్రమూర్తి. ఆయన కార్డుకి చుట్టూ బంగారు అంచు. అది ఎంత వెతికినా దొరికేది కాదు.

మరి ఏ పొట్లం విప్పినా ఎవరొచ్చేవారో తెలుసా? సింహాద్రి! తల నున్నగా దువ్వుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. "అబ్బా, మళ్ళీ ఈయనేనా!" అని పిల్లలు తల కొట్టుకునేవారు.

ఇంతమంది సింహాద్రుల్ని ఏం చేసుకుంటారు చెప్పు? అప్పుడు అప్పలకొండ అనే గుంటడు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక సింహాద్రిని తీసి బట్టల క్లిప్పుతో సైకిల్ వెనక చక్రానికి తగిలేలా బిగించాడు. చక్రం తిరుగుతుంటే చువ్వలు కార్డుకి తగిలి, టర్రుమని మోటారు సైకిల్ పోతున్నంత మోత! ఆ తర్వాత ఊళ్ళో ప్రతి సైకిల్‌కీ ఒక సింహాద్రి వచ్చేశాడు.

ఆ మోత అందరికీ సరదాగానే ఉండేది. నూకరత్నానికి మాత్రం చువ్వ తగిలినప్పుడల్లా ఎవరో నాన్న చెంప మీద కొడుతున్నట్టు ఉండేది. ఆటల కాలం అయిపోగానే నాన్న ఇంటికొస్తాడు. వచ్చి, వీధిలో తన మొహాన్ని ఇలా చూసుకుంటే? ఆ మాట తలుచుకుంటే కంచంలో అన్నం కూడా వదిలేసేది. నాన్న వచ్చేలోగా ఊళ్ళో ఒక్క కార్డు కూడా కనపడకూడదని గట్టిగా అనుకుంది.

ఆ ఊరి పిల్లలకి ఒక కట్టుబాటు ఉంది. కార్డు చేయి మారి, ఇద్దరూ చిటికెన వేళ్ళు ముడేసి "తూచ్ లేదు" అనుకున్నాక, ఇక నేల మీద పడి దొర్లినా అది వెనక్కి రాదు.

అప్పుడు నూకరత్నం ముందుగా అప్పలకొండ దగ్గరికెళ్ళింది. దాని దగ్గర ఒకే ఒక్క రుద్రమూర్తి ఉండేవాడు. పుస్తకం మధ్యలో నెమలీకలా దాచుకున్న బంగారు అంచు కార్డు. అదిచ్చి, వాడి దగ్గరున్న సింహాద్రులన్నిటినీ అడిగింది.

"ఒలే, జొరమేటైనా వచ్చిందేటి నీకు? రుద్రమూర్తినిచ్చేసి మీ నాన్నని అడుగుతున్నావా?" అన్నాడు అప్పలకొండ.

"ఇస్తావా ఇవ్వవా?"

ఇవ్వకేం, వాడు చక్రంలోంచి కూడా పీకి ఇచ్చాడు. తూచ్ లేదు.

ఆ తర్వాత పైడితల్లి ఇంటికెళ్ళింది. అక్కడ ఊగే బల్ల కాలి కింద సింహాద్రి మడతపడి ఉన్నాడు. ఉడుంపట్టు పోలయ్య అనే ఇంకో ఆటగాడి కార్డిచ్చి నాన్నని బల్ల కిందనుంచి విడిపించింది. పైడితల్లి వాళ్ళమ్మ చారు గిన్నె ఆ పూటంతా అటూ ఇటూ ఊగింది. అయినా తూచ్ లేదు.

అలా ఇల్లిల్లూ తిరిగి, ప్రతి సైకిల్ చక్రంలోంచీ నాన్నని విడిపించుకుని, ఆఖరికి కాలవ గట్టుకెళ్ళింది. అక్కడ బుడ్డోడొకడు సింహాద్రిని పడవ చేసి నీళ్ళలో వదులుతున్నాడు. నూకరత్నం మోకాళ్ళదాకా దిగి నాన్నని పట్టుకుని, తన దగ్గర మిగిలిన కార్డులన్నీ వాడి గుప్పిట్లో పోసింది. వాడికి చిటికెన వేలు ఏదో కూడా తెలీదు. బొటనవేలు చాచాడు. పోనీలే అని దానికే ముడేసింది.

అలా పోగేసిన నాన్నలందర్నీ తుడిచి, ఆరబెట్టి, పాత పాలడబ్బాలో పెట్టి అటకెక్కించింది. ఇక దాని దగ్గర ఒక్క గొప్ప ఆటగాడు కూడా లేడు. అయినా ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తింది.

అప్పుడేమైందంటే, పిప్పరమెంట్ల వాళ్ళు కార్డులు మానేసి పొట్లాల్లో ఈలలు పెట్టడం మొదలెట్టారు. ఊరంతా ఒకటే కూతలు, ఊళ్ళో కుక్కలకి నిద్ర లేదు. ఆ తర్వాత పిల్లలు తమ కార్డులు పేర్చి చూసుకుంటే, జట్టంతా ఉంది గానీ సింహాద్రి ఒక్కడూ లేడు. "సింహాద్రి ఉన్నాడేటి? మా రుద్రమూర్తినిస్తాం!" అని వీధి వీధీ తిరిగారు. తనని అడిగితే, "అవెప్పుడో పోయాయి" అని నూకరత్నం ఏమీ ఎరగనట్టు కాళ్ళూపుకుంటూ కూర్చుంది.

ఇంతలో సింహాద్రి రానే వచ్చాడు. సంచి దింపి అరుగు మీద కూర్చున్నాడో లేదో, పిల్లలంతా చుట్టేశారు. "మావా, ఈయన నిజంగా అంత పొడుగా? మావా, ఈయన గురకెడతాడంట కదా?" అంటూ కార్డులు చేతిలో పెట్టారు. సింహాద్రి అందరి గురించీ చెప్తూనే, ఒక్కో కార్డూ తిప్పుతూ దేనికోసమో చూశాడు. ఆఖరి కార్డు కూడా తిప్పాడు.

"ఇందులో నేను లేనేట్రా?"

"మీది దొరకదు మావా. ఎవరి దగ్గరా లేదు."

"ఓహో, అచ్చు వెయ్యలేదేమోలే," అన్నాడు సింహాద్రి. "ఫొటో తీసిన రోజు నా చొక్కా మీద నంబరే లేదురా. రుద్రమూర్తి చొక్కా అడిగి తొడుక్కున్నాను. భుజాలు జారిపోతుంటే వెనకాల పిన్నీసులు పెట్టారు. బల్ల మీద కూర్చునేవాడికి కూడా ఫొటో ఏటని నేనెంత మురిసిపోయానో!"

అప్పుడు కాలవ గట్టు బుడ్డోడు వేలు నోట్లోంచి తీసి, "మావా, మీరు నిజంగా ఆ జట్టేనా?" అని అడిగాడు.

సింహాద్రి నవ్వాడు. కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయి, కళ్ళదాకా వెళ్ళలేదు. గుమ్మం వెనకనుంచి నూకరత్నం అది చూసింది. నాన్నని ఎవరూ కొట్టకుండా దాచాననుకుంది గానీ, అసలు నాన్నే లేకుండా చేసేసిందన్నమాట.

అప్పుడది గబగబా అటకెక్కింది. డబ్బా చంకన పెట్టుకుని పెరటి దారిన సందులోకి పరిగెత్తి, ఈల వేసి పిల్లల్ని పిలిచింది. మూత తీసేసరికి అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి.

"ఓలమ్మో! బదులేం కావాలే?" అన్నాడు అప్పలకొండ.

"ఏం వద్దు. పట్టుకెళ్ళండి."

చేతులే చేతులు. అందరికీ తలో సింహాద్రి వచ్చాడు. అప్పలకొండ కార్డు పట్టుకుని కదలకుండా నిలబడి, నెత్తి గోక్కుని, "చక్రానికి పెట్టుకోవచ్చా?" అని అడిగాడు.

నూకరత్నం వద్దనబోయింది. కానీ దాని చిటికెన వేలు అప్పటికే వాడి వేలితో ముడేసి ఉంది కదా. "ఇచ్చేశాక నీదే. నీ ఇష్టం," అంది.

ఆ తర్వాత టర్రుమంటూ సైకిల్ సందు తిరిగి, తిన్నగా అరుగు ముందుకే పోయింది! సింహాద్రి చెయ్యెత్తి ఆపాడు. వంగి చక్రంలోకి చూశాడు. నూకరత్నం రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. ఆ తర్వాత మెల్లిగా ఒక కన్ను తెరిచింది.

నాన్న నేల మీద చతికిలపడి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఒరే అప్పలకొండా! ఇన్నేళ్ళూ బల్ల మీద కూర్చోబెట్టారు గానీ, నన్ను ఇంత పరుగెత్తించినవాడివి నువ్వొక్కడివేరా!"

అప్పుడు లేచి, ధూళి దులుపుకుని, "ఇంకొంచెం పరుగెడతాను, ఓసారి సైకిలివ్వు," అని అడిగి తీసుకున్నాడు. నూకరత్నాన్ని ముందు కడ్డీ మీద ఎక్కించుకున్నాడు. బెల్లం పొయ్యిలు దాటి, కాలవ గట్టు దాటి, వెనక చక్రంలో సింహాద్రి టర్రుమంటుంటే, ముందు సింహాద్రి అంతకన్నా గట్టిగా కూత పెట్టాడు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." నూకరత్నం కూడా ఊపిరి ఆపకుండా నాన్నతో పాటు కూత పెట్టింది. వాళ్ళ కూతకి ఆ రోజు ఎవరూ అడ్డం రాలేదు.

టర్రుటర్రున చక్రం సందు చివరికి,
బిర్రుబిర్రున గాలి నూక చెవికి,
కథేమో సైకిలెక్కి కంచికి,
నిద్దరేమో నడిచొచ్చె మనింటికి!