విడాకుల నిమిత్తం జరిగిన పెళ్ళి

గవర్రాజుకీ, అతని పెళ్ళాం నూకరత్నానికీ తమంత తెలివైనవాళ్ళు చోడవరం చుట్టుపక్కల ఎక్కడా లేరని గట్టి నమ్మకం. ఊరెళ్ళేటప్పుడు గవర్రాజు తలుపుకి తాళం వేసేవాడు కాదు. తాళం బయట వేలాడుతుంటే ఏ దొంగో ఎత్తుకుపోతాడని దాన్ని బీరువాలో భద్రంగా దాచి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవాడు. నూకరత్నం పొయ్యి మీద పాలు పెడితే అక్కణ్ణుంచి కదిలేది కాదు. పాలు చూస్తూ ఉండమని అత్తగారు ఏనాడో చెప్పిందట. అవి పొంగి, పొయ్యంతా కారి, గిన్నె మాడిపోయేదాకా కళ్ళార్పకుండా చూసేది. ఇంత శ్రద్ధ ఎవరికుంటుందని గవర్రాజు మురిసిపోయేవాడు.

అలాంటి ఇంట్లో ఒకరోజు తగువొచ్చింది. దేనికొచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు. కోపంలో నూకరత్నం, ఇక నా కంటికి కనబడకు అంది. గవర్రాజు మాట పట్టింపున్న మనిషి. ఆ క్షణం నుంచి ఆమె వీపు వెనకాలే నడవడం మొదలెట్టాడు. ఆమె కుళాయికి వెళ్తే వెనకే, రేషన్ డిపోకి వెళ్తే వెనకే. ఆమె గిరుక్కున తిరిగితే తనూ అంత చురుగ్గా తిరిగి మళ్ళీ వీపు వెనక్కి చేరేవాడు. ఇంత అన్యోన్యమైన జంటని ఎక్కడా చూడలేదని వీధిలోవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాలుగో రోజుకి కాళ్ళు పీకి, అతనికీ కోపం వచ్చింది. నువ్వు నాతో ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. అంతే, నూకరత్నం రెండేసి మాటలు మాట్లాడటం మొదలెట్టింది. "అన్నం అన్నం" అనేది. "తిను తిను" అనేది.

ఇలా లాభం లేదు, విడిపోదాం అనుకున్నారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఆ సంతోషంలో పాయసం కూడా వండుకున్నారు.

నూకరత్నం అన్న అప్పలకొండకి కబురెళ్ళింది. తెలివిలో అతను చెల్లెలికి ఏమాత్రం తీసిపోడు. ముగ్గురూ బస్సెక్కి టౌన్లో విశాలాక్షిగారనే లాయరమ్మ దగ్గరకెళ్ళారు. ఆవిడ ఇద్దరినీ వేరువేరుగా అడిగింది, కలిపి అడిగింది. పిల్లలు లేరు, పేచీ లేదు, ఇద్దరికీ సమ్మతమే. అయితే ఇది సులువైన పనేనని, కాకపోతే కోర్టులో అర్జీ వేసేముందు కాగితాలన్నీ సిద్ధం చేసుకోవాలని, అక్కడే ఆలస్యమంతా జరుగుతుందని చెప్పింది. పెళ్ళి శుభలేఖ, పెళ్ళి ఫోటో తీసి చేతికందేట్టు పెట్టుకోమంది. ఇంట్లో సామాను సగం సగం రాసుకోమంది. ముందుగా మాత్రం, మీ డోరు నంబరు కనబడేట్టు ఏదో ఒకటి పట్టుకురండి అంది.

ఇంకేముంది, ఇంటికెళ్ళీ వెళ్ళగానే శుభలేఖా, ఫోటో పెట్టెలోంచి తీసి చేతికందేట్టు మంచం మీద పెట్టారు. ఆ తర్వాత డోరు నంబరు కోసం వెతికారు. అది తలుపు మీద ఉంది. అప్పలకొండ సుత్తీ స్క్రూడ్రైవరూ తెచ్చి తలుపు ఊడదీశాడు. దాన్ని ఆటో మీద తాళ్ళతో కట్టుకుని టౌనుకి తీసుకెళ్ళి, మేడ మీదున్న లాయరమ్మ గదికి మోసుకెళ్ళి, గోడకి ఆనించి నిలబెట్టారు.

విశాలాక్షిగారు చాలాసేపు ఆ తలుపుని చూసింది. కరెంటు బిల్లు తెచ్చినా సరిపోయేదని మెల్లిగా అంది. మాకు కరెంటు బిల్లు కంటే తలుపే నమ్మకం అన్నాడు గవర్రాజు. ఆవిడ తన ఫోనుతో నంబరు ఫోటో తీసుకుని, దీన్ని తీసుకెళ్ళి ఉన్నచోట బిగించండి అంది.

తలుపు మోసుకుని తిరిగొచ్చేసరికి తలుపు లేని ఇంట్లో పక్కింటి మేక మంచమెక్కి పడుకునుంది. శుభలేఖ మొత్తం తినేసింది. ఫోటోలో గవర్రాజున్న సగం తిని, నూకరత్నమున్న సగం వదిలేసింది. మేకకి కూడా నేనంటే మర్యాదే అని నూకరత్నం సంతోషించింది. తనే రుచిగా ఉన్నానని గవర్రాజు కొంచెం గర్వపడ్డాడు.

పోయింది పోగా మిగిలిన పని చూద్దామని సామాను జాబితా రాయడానికి కూర్చున్నారు. సగం సగం రాసుకోమంది కదా లాయరమ్మ. అందుకని గవర్రాజు కాగితంలో మొదటి సగం, నూకరత్నం కాగితంలో రెండో సగం రాయాలనుకున్నారు. "కుర్చీ"కి అతను "కు" అని రాశాడు, ఆమె "ర్చీ" అని రాసింది. "బల్ల", "గిన్నె", "చాప" చక్కగా తెగాయి. బీరువా దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చి పడింది. అందులో మూడు అక్షరాలున్నాయి. మధ్యలో "రు" నాదంటే నాదని ఇద్దరూ చీకటిపడేదాకా వాదించుకున్నారు. తగువుంటే సులువుగా విడాకులు రావని అప్పలకొండ గుర్తుచేసి, ఆ అక్షరం ఎవరికీ వద్దని కొట్టేయించాడు. ఆపైన మూడక్షరాల సామానంతటికీ మధ్య అక్షరం తీసేశారు.

ఆ రెండు కాగితాలూ, సగం ఫోటో చూసి విశాలాక్షిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. జాబితా నేనే రాస్తాను గానీ పెళ్ళి రుజువు లేకుండా పనవదు, పెళ్ళయిందంటేనే కదా విడాకులు, ఒక ఫోటోలో ఇద్దరూ పీటల మీద కనబడాలి, శుభలేఖ ఉండాలి, పెళ్ళి చూసినవాళ్ళుండాలి, ఎలాగోలా సంపాదించండి అంది. చుట్టాల ఇళ్ళలో అడిగితే పాత ఫోటో ఒకటైనా దొరుకుతుందని ఆవిడ ఉద్దేశం.

మెట్లు దిగుతూనే అప్పలకొండ ఆలోచించేశాడు. ఫోటో, శుభలేఖ, చూసినవాళ్ళు. ఈ మూడూ ఒకేచోట దొరికేది పెళ్ళిలోనే.

అంతే, ముహూర్తం పెట్టించారు. శుభలేఖలు అచ్చువేయించారు. "మా విడాకుల నిమిత్తం జరుగు వివాహ మహోత్సవమునకు తామెల్లరు సకుటుంబముగా విచ్చేసి" అని బంగారు అక్షరాల్లో ఉంది. అచ్చాఫీసాయన రెండుసార్లు ఫోను చేసి, తప్పేం లేదు కదా అని అడిగి మరీ వేశాడు. ఊరంతా వచ్చింది. పెద్దలు అక్షింతలు వేసి నూరేళ్ళు కలిసుండండని దీవిస్తుంటే, అన్నాళ్ళు వద్దండీ, త్వరలోనే కోర్టు పనుంది అని గవర్రాజు వినయంగా చెప్పాడు. చదివింపుల బల్ల దగ్గర అప్పలకొండ కూర్చుని, వచ్చినవాళ్ళందరిచేతా పెళ్ళి చూశామని సంతకాలు పెట్టించాడు.

జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు నూకరత్నం తలవంచుకునే మెల్లిగా అంది. "అప్పుడు నీ చెయ్యి వణికింది మావా. ఇప్పుడు వణకలేదు."

"అప్పుడు నువ్వెవరో తెలీదు కదా" అన్నాడు గవర్రాజు.

ఆ మాటకి ఆమె తల ఇంకా కిందికి వంచుకుంది. ఫోటోగ్రాఫరు తల పైకెత్తమంటే గానీ ఎత్తలేదు.

వారం తిరక్కుండా మెరిసే ఆల్బం పట్టుకుని ముగ్గురూ లాయరమ్మ ముందు వాలారు. ఆవిడ శుభలేఖ చదివింది. మళ్ళీ చదివింది. మంచినీళ్ళు తాగింది. తర్వాత నిదానంగా విడమరిచి చెప్పింది. కాగితాల ప్రకారం మీరిప్పుడు కొత్త దంపతులు. పెళ్ళయి ఏడాది నిండకుండా విడాకుల అర్జీ వెయ్యడానికి లేదు. ఈ ఏడాదీ ఇద్దరూ విడిగా ఉండాలి. అప్పటికి మళ్ళీ ఏ మేకో తినకుండా కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి వాళ్ళ చేతిలో పెట్టింది.

"ఇది మీ ఇద్దరిదీ. ఏడాది దాకా ఇద్దరూ చేతిలోంచి వదలకండి" అంది.

ఇంకేముంది, ఒక కొస గవర్రాజు కుడిచేత్తో పట్టుకున్నాడు, రెండో కొస నూకరత్నం ఎడంచేత్తో పట్టుకుంది. అలాగే బస్సెక్కారు. విడిగా ఉండమంటూ ఫైలు వదలొద్దంటే ఎలాగని దారిలో గవర్రాజుకి అనుమానం వచ్చింది. మధ్యలో ఫైలుంది కదా బావా, విడిగా ఉన్నట్టేనని అప్పలకొండ తేల్చేశాడు.

ఏడాదంతా అలాగే గడిచింది. ఆమె వంట చేస్తుంటే అతను పక్కన నిలబడేవాడు. అతను గడ్డం గీసుకుంటుంటే ఆమె అద్దం పట్టుకునేది. స్నానాల వేళ మధ్య గోడ మీంచి ఫైలు పట్టుకునేవాళ్ళు. అతని కుడిచెయ్యి ఖాళీ లేదు, ఎడంచేత్తో అన్నం తినకూడదు, అందుకని నూకరత్నమే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. పక్కలు మార్చుకుంటే సరిపోతుందని ఇద్దరికీ తట్టలేదు. మధ్యలో జ్వరమొచ్చి ఆమె నాలుగు రోజులు పడుకుంటే, గవర్రాజు ఫైలుతోపాటు మంచం పక్కనే కూర్చున్నాడు. విడాకులు తీసుకోవడం ఇంత కష్టమని తెలీదని ఇద్దరూ అనుకునేవారు.

ఏడాది నిండిన రోజున కోర్టుకెళ్ళారు. కాగితాలు తీసుకునే గుమస్తా కిటికీలోంచి చెయ్యి చాచాడు. వీళ్ళు ఫైలు చూపించారు గానీ ఇవ్వలేదు. అతను లాగాడు, వీళ్ళు లాగారు. వెనకున్న జనం గోల పెట్టారు. ఆ గోలకి విశాలాక్షిగారు వరండాలోంచి పరుగున వచ్చింది. సంగతి అర్థమై, ఇద్దరి మొహాలూ చూసి, అలసటగా అంది.

"చాలు, ఇక వదిలేయండి."

ఇద్దరూ ఒక్కసారే చేతులు వదిలేశారు. ఫైలు కిందపడింది. కాగితాలు వరండా అంతా ఎగిరాయి. ఆవిడా, గుమస్తా వాటికోసం వంగి వెతుక్కుంటుంటే, వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయిపోయినట్టేనా మావా?"

"లాయరమ్మ చెప్పింది, ఇద్దరం వదిలేశాం. ఇంకేం కావాలి?"

విడాకులు వచ్చేశాయని ఇద్దరూ కోర్టు బయట పకోడీలు కొనుక్కుని, ఒకే పొట్లంలోంచి తింటూ బస్సెక్కి ఇంటికొచ్చేశారు. మర్నాడు అప్పలకొండ మొహం వేలాడేసుకుని వచ్చాడు. విడాకులైన మొగుడూ పెళ్ళాం ఇంకా ఈ ఇంట్లోనే ఉండకూడదని, ఉంటే చట్టం ఒప్పుకోదని బస్సులో ఎవరో చెప్పారట.

ఇద్దరూ హడలిపోయారు. అంతే, ఆ పూటకి ఆ పూటే సామాను సర్దారు. వెనక వీధిలో ఒక గది అద్దెకి తీసుకుని, మంచం తలవైపు గవర్రాజు, కాళ్ళవైపు నూకరత్నం పట్టుకుని, ఇద్దరూ అందులోకి మారిపోయారు. ఆ పాత ఇంట్లో మాత్రం మళ్ళీ అడుగు పెట్టలేదు.