జింకలకు రాచమర్యాద

ఒకానొక రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే, కాకపోతే పొగడ్త లేనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. గడప దాటితే చాలు, ముందు నగారా మోగాలి, బాకాలు ఊదాలి, వందిమాగధులు ఆయన బిరుదులన్నీ ఏకరువు పెట్టాలి. బిరుదులు మొత్తం నలభై రెండు. అందులో సగం ఆయన తనకు తానే ఇచ్చుకున్నవి.

ఆ రాజుకు జింకలంటే ప్రాణం. మెడలో వెండి గంటలు కట్టి వాటిని ఊరి మీదికి వదిలేశాడు. ఎవరైనా వాటిని అదిలించినా, దారికి అడ్డంగా కంచె వేసినా కొరడా దెబ్బలు తప్పవని చాటింపు వేయించాడు.

కోట పక్కనే ఎర్రక్క అనే ఆమెకు కూరగాయల తోట ఉండేది. మొగుడు పోయాక ఆ తోటే ఆమెకు ఇంత కూడు పెడుతోంది. జింకలు రోజూ పొద్దువాలే వేళకు వచ్చి చిక్కుడు చివుళ్ళూ, బచ్చలి ఆకులూ మేసి పోయేవి. చివరికి వంగ మొక్కలు మాత్రం మిగిలాయి. అవీ పోతే ఆ ఏడాది ఆమెకు పస్తులే.

పాపం, ఎర్రక్క ఏడుస్తూ కొలువుకు వెళ్ళి మొరపెట్టుకుంది.

రాజు మీసం దువ్వుకున్నాడు. "నా జింకలు నీ తోటకు రావడమంటే సాక్షాత్తూ నేను వచ్చినట్టే. సంతోషించక ఏడుస్తావేం? రాచమర్యాద చేసి పంపు!" అన్నాడు.

సభలో అందరూ భేష్ అని తలలూపారు. ఊపనివాడు ఆస్థాన కవి మల్లుభట్టు ఒక్కడే. ఆయన లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఆ మర్యాదేదో జరిపించే పని నాకు అప్పగించండి."

"అలాగే. ఏ లోటూ రాకూడదు సుమా!"

మర్నాడు సాయంత్రం జింకలు వచ్చి వంగ మొక్కల మీద మూతి పెట్టాయో లేదో, మల్లుభట్టు చెయ్యి ఊపాడు. గట్టు మీద నగారా ధనధన మోగింది. నాలుగు బాకాలు ఒక్కసారిగా లేచాయి. వందిమాగధులు గొంతు చించుకుని, "శత్రుభీకరా! దిగ్గజగండా!" అంటూ అందుకున్నారు. జింకలు బెదిరి గెంతుకుంటూ అడవిలోకి పరుగో పరుగు. వరసగా మూడు రోజులు ఇదే మర్యాద జరిగింది. నాలుగో రోజు ఒక్క జింకా తోట ఛాయలకు రాలేదు.

సంగతి తెలిసి రాజు మండిపడి, మల్లుభట్టునూ ఎర్రక్కనూ పిలిపించాడు.

"నా జింకలను తరిమిందెవరు?"

"ఎవరూ వేలెత్తి అదిలించలేదు ప్రభూ. రోజూ తమరికి జరిగే మర్యాదే వాటికీ చేశాం."

"మరి ఎందుకు పారిపోయాయి?"

"ఏడో బిరుదు దాకా కూడా ఆగలేకపోయాయి" అన్నాడు మల్లుభట్టు వినయంగా. "మూగజీవాలు కదా! నలభై రెండూ కదలకుండా వినాలంటే మహారాజులకే చెల్లింది."

సభ బిక్కచచ్చిపోయింది. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ముందు రాజుగారి మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది. ఆపైన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి మల్లుభట్టు మెడలో వేశాడు. తోట చుట్టూ ఎత్తుగా వెదురు దడి కట్టించమని ఆజ్ఞాపించి, ఎర్రక్క వైపు తిరిగాడు.

"ఇంకేమైనా కావాలా?"

"ఆ బాకాలవాళ్ళను వెనక్కి పిలిపించుకోండి దొరా" అంది ఎర్రక్క. "మూడు రోజులుగా నా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి."