మొదటి వాన ముంత

సముద్రం ఒడ్డున ఒక ఉప్పు చేసేవాడు ఉండేవాడు. వాడికి వాన అంటే గిట్టదు. వాడికే కాదు, ఆ ఊళ్ళో ఎవరికీ గిట్టదు. మళ్ళలో సముద్రపు నీళ్ళు పెట్టి, ఎండకి ఎండబెట్టి, ఉప్పు లాగి కుప్పలు పోసుకునే ఊరది. ఒక్క వాన చాలు, నాలుగు నెలల కష్టం నీళ్ళపాలు.

వాడు చేసుకున్నది మెట్ట ఊరి పిల్లని. అక్కడ చినుకు పడితే పండగ. మొదటి వాన రాగానే ఆడపిల్లలంతా వాకిట్లోకి పరిగెత్తి, తలా ఒక ముంత పట్టి, నిండిన నీళ్ళు తాగి, జుట్టు విరబోసుకుని గంతులేస్తారు. ఉప్పు అమ్ముకోడానికి వెళ్ళినవాడు ఆ గంతుల్లోనే ఆమెను చూశాడు. అంతే, మనిషి మనిషిలో లేడు. బండిలో ఉప్పు కరిగిపోతోందని పక్కవాళ్ళు మొత్తుకున్నా వినిపించుకోలేదట.

కాపురానికి వస్తూ ఆమె తన మట్టి ముంతను వెంట తెచ్చుకుంది. మొదటి ఏడు వాన రాగానే అలవాటుగా ముంత పట్టుకుని గడప దాటబోయింది. వీధి వీధంతా ఆడవాళ్ళు కుండలూ బిందెలూ గబగబా బోర్లిస్తున్నారు. ఆ ఊరి ఆచారం అది. వానకి నోరు తెరిచిన పాత్ర ఏ ఇంటి ముందు కనిపిస్తే ఆ ఇల్లు వానను పిలిచినట్టు. అవతల మొగుడు తాటాకులు మోసుకుంటూ కుప్ప కప్పడానికి పడుతూ లేస్తూ పరిగెడుతున్నాడు. వాడి మొహం చూసి ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. ముంత బోర్లించి, తనూ వెళ్ళి తాటాకులు అందుకుంది.

ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. వాన మాటే ఎత్తడం మానేసింది. ముంతలో వంటింటి ఉప్పు పోసుకుంది. మబ్బు పడితే అందరికన్నా ముందు తాటాకులు తీసేది ఆమే. ఎంత మంచి ఇల్లాలని ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోక ఏం చేస్తారు, పోయింది వాళ్ళది కాదుగా.

ఉప్పు చేసేవాడికి మాత్రం లోపల ఏదో గుచ్చుకునేది. ఉండబట్టలేక ఒకసారి అడిగాడు కూడా, నీ గంతులేమయ్యాయే అని. పెళ్ళయ్యాక గంతులేంటని ఆమె నవ్వేసింది. అది వాడు చూసి చేసుకున్న నవ్వు కాదు. ఆ నవ్వును తనే చంపేశానని కుమిలిపోయాడు.

పదకొండో ఏడు, ఉప్పంతా లాగి కుప్ప పోసిన రోజున, మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఆమె తాటాకుల కోసం లేచింది. వాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. వంటింట్లోకి వెళ్ళి ముంతలోని ఉప్పు కుమ్మరించి, మూడుసార్లు కడిగి, ఊరంతా చూస్తుండగా వాకిట్లో నోరు పైకి పెట్టాడు.

“మావా, కుప్ప కరిగిపోతుంది,” అంది ఆమె.

“కరగనీ. నువ్వు తడిసి ఎన్నాళ్ళయిందే.”

వాన దంచి కొట్టింది. కుప్ప కళ్ళముందే కుంగిపోయింది. ఆమె వాకిట్లో నిలబడి గంతులేద్దామని చూసింది. కాళ్ళు కుప్ప వైపే లాగుతున్నాయి. ఇన్నేళ్ళలో వాన ఆమెకీ భయమే అయిపోయింది. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది, ఏడుపొచ్చింది.

ముంత నిండింది. వాడు రెండు చేతులతో అందించాడు. అంత ఉప్పూ పోగొట్టుకుని కూడా వాడి మొహం వెలిగిపోతోంది. ఆమె ఒక గుక్క తాగింది.

ఉప్పు. మట్టి ముంత పదేళ్ళు పీల్చుకున్న ఉప్పు మూడుసార్లు కడిగితే పోతుందా? ఉప్పులో పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం తెలియదా అంటారేమో. తెలుసు. సంబరంలో తట్టలేదు, పాపం.

“ఎలా ఉన్నాయే?”

“తియ్యగా ఉన్నాయి మావా. మా ఊరి నీళ్ళలాగే.”

“నాకో గుక్క ఇవ్వవే.”

ఆమె ముంతను గుండెకి హత్తుకుని ఇవ్వనంది. ఆఖరి చుక్క దాకా గటగటా తాగేసి, ముంత బోర్లించి చూపించింది. ఇన్నేళ్ళకి తనకంటూ ఒకటి ఉంచుకుందని వాడు మురిసిపోయాడు. మురిసిపోయి, ఆ వానలో తనే గంతులేశాడు.

సాయంత్రానికి ఆమె గొంతు పిడచకట్టుకుపోయింది. చూరు నుంచి నీళ్ళు ధారగా కారుతూనే ఉన్నాయి. వాడు పక్కన కూర్చున్నంతసేపూ ఆమె మంచినీళ్ళు అడగలేదు.