తాడు పట్టే చేతులు

సముద్రపు ఒడ్డున ఇసకపాలెంలో పోలయ్య అనే ఊరిపెద్ద ఉండేవాడు; పక్కవాడికి వాటా పెట్టాలంటే ఆయనకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఆ ఊరికంతా ఆధారం ఒక్కటే పెద్ద వల. పడవలో తీసుకెళ్లి దాన్ని నీళ్లలో చుట్టి వేస్తే, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీంచి ఊరంతా కలిసి లాగాలి. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్లకీ చేపల్లో వాటా ఉండేది.

వేట తగ్గడంతో కుర్రవాళ్లు పెళ్లాం పిల్లలతో దూరపు రేవులకు పోసాగారు. ఊళ్లో పురుళ్లు లేవు, ఉయ్యాలలు లేవు. దానికి ఎవరైనా దిగులుపడతారు. పోలయ్య మాత్రం లోలోపల సంబరపడేవాడు.

"పోనీ, మిగిలినోళ్లకి తలా నాలుగు చేపలు ఎక్కువొస్తాయి" అనేవాడు.

"చేపల్నే చూత్తన్నావు గానీ, లాగే చేతుల్ని చూడవేటి?" అనేది భార్య నూకాలు. ఆయన వింటేగా!

ఇంతలో తుపాను వచ్చి ఉత్తరాన ఒక ఊరిని సముద్రంలో కలిపేసింది. ఆ ఊరి గురయ్య తనవాళ్లందరినీ, చంటిపిల్లలతో సహా, వెంటబెట్టుకొని వచ్చాడు.

"మావా, మీ ఊళ్లో ఖాళీ ఇళ్లు శానా ఉన్నాయి. కాస్త నీడియ్యి. మీ తాడు మేమూ లాగుతాం" అన్నాడు.

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. మీ దారి మీరు చూసుకోండి" అన్నాడు పోలయ్య. వాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకొని కదిలిపోయారు.

ఆ చలికాలం చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డుకు వచ్చాయి. ముసలీ ముతకా కలిసి వల వేశారు. వల నిండింది, కానీ లాగితే కదలదే! ఇటు వీళ్లు లాగుతుంటే అటు సముద్రం లాగింది. అరచేతులు చీరుకుపోయాయి. నూకాలు ఇసుకలో బోర్లా పడింది. ఒక్కొక్కరే తాడు వదిలేశారు. చూస్తుండగానే వల, చేపలు, ఊరి కూడు అన్నీ నీళ్లపాలయ్యాయి. వల లేని ఊళ్లో ఎవరుంటారు? మిగిలినవాళ్లూ మూటాముల్లె సర్దుకున్నారు.

అప్పుడు పోలయ్యకు భయం పట్టుకుంది. గురయ్య స్థిరపడిన ఊరికి పోయి కాళ్లావేళ్లా పడ్డాడు. "నా ఊరు పోతోంది, రండి బాబూ. ఇళ్లిస్తాను, వాటాలిస్తాను" అన్నాడు.

గురయ్య తల దించుకున్నాడు. "మా కోడలు నీళ్లోసుకుంది మావా. పిల్లలు ఇక్కడే బడికెళ్తన్నారు. ఇంకెక్కడికొస్తాం?" అన్నాడు.

పోలయ్య తిరిగొచ్చేసరికి ఇసకపాలెంలో పొయ్యి వెలిగే ఇల్లు తనదొక్కటే మిగిలింది. ఆ మరుసటి ఏడు నూకాలు కన్నుమూసింది. పాడె మోయడానికి ఊళ్లో మనిషి లేక, పోలయ్య పొరుగూళ్లలో గడప గడపా ఎక్కి బతిమాలుకున్నాడు.

పోయేవాళ్లను చూసి సంతోషించి, వచ్చేవాళ్లను గెంటేసే ఊరు వల్లకాడవుతుంది; మనిషికి మనిషే ఆస్తి.