బూదెమ్మా, కొండకింద గొయ్యీ

కొండకింద కంపదొడ్డిలో ఉన్న మేకలమందకు బూదెమ్మ మంత్రసాని. బూడిదరంగు ఒళ్లు, విరిగిన కొమ్ము, నోరు మాత్రం మహా దురుసు. చూడిమేకల్లో ఒక్కదాన్నీ నిమ్మళంగా మేయనిచ్చేది కాదు.

మేతకు వేసే ఎండు వేరుశనగ కట్టె వానకు తడిస్తే లోలోపల బూజు పడుతుంది. అది తింటే చూడిమేకకు కడుపు నిలవదు, నిలిచినా పిల్ల చచ్చి పుడుతుంది. అందుకని బూదెమ్మ రోజూ పొద్దున్నే ఒక్కోదాని దగ్గరికీ పోయి, కట్టెలో మూతి పెట్టి వాసన చూసి, బూజుపట్టినదాన్ని కాలితో అవతలికి నెట్టేసేది. ముసల్ది నోటికాడి కూడు లాగేస్తోందని అవి తిట్టిపోసేవి. ఆమె కూతురు చుక్కికి తొలిచూలు, ఆకలి ఎక్కువ. అదైతే కొమ్ములు వంచి తల్లి మీదికే వచ్చేది.

పోనీ ఈ పనికేమైనా మర్యాద ఉందా అంటే, ఏం మర్యాద! కష్టమైన కాన్పు చేస్తే మంత్రసాని మూడు రోజులు మంద ముందు నడవాలి, దారిలో లేత చిగుళ్లన్నీ ఆమెవే. అది ఆ మంద ఆచారం. మిగతా రోజుల్లో వెనక దుమ్ము మింగుతూ నడవాలి. బూదెమ్మ వాసన చూడ్డం మొదలుపెట్టాక కాన్పులన్నీ సాఫీగా అయిపోతున్నాయి. ఆమె ముందు నడిచి రెండేళ్లయింది.

ఆ సంగతి కనిపెట్టింది ఒక్క నక్కే. రోజూ కంప అవతల కూర్చుని పలకరించేది.

"అక్కా, నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతోంది. నువ్వు తప్పించిన కీడు ఎవరి కంటికీ కనపడదాయె. నాలుగు రోజులు ఊరుకుని చూడు. నీ విలువేంటో వాళ్లకే తెలిసొస్తుంది."

బూదెమ్మ మొదట దాన్ని కసిరికొట్టింది. కానీ మాట మనసులో ఉండిపోయింది. ఆ మర్నాడే చుక్కి అందరి ముందూ, పనీపాటా లేక మా మేత మీద పడ్డావని తల్లిని అననే అంది. బూదెమ్మకు ఒళ్లు మండిపోయింది. తినండి, ఏం తింటారో తినండి అని మూలకు పోయి పడుకుంది. ఇదిగో, ఇక్కడే చేసింది పాడు పని. కోపం తల్లుల మీద, అనుభవించింది మాత్రం కడుపులో పిల్లలు.

నెల తిరక్కుండా మూడు పిల్లలు చచ్చి పుట్టాయి. మూడింటినీ మేతకు పోయే దారి పక్కన, కొండకింద గొయ్యిలో పడేశారు. నాలుగో కాన్పు చుక్కిది. పిల్ల అడ్డం తిరిగింది. బూదెమ్మ మధ్యాహ్నందాకా ప్రాణం పెట్టి కూతుర్ని బతికించుకుంది. పిల్ల మాత్రం ఊపిరి తీయలేదు. నొసట తెల్లచుక్క, అచ్చం తల్లి పోలికే. చుక్కి మూతి దగ్గర గుప్పున బూజు వాసన కొట్టింది. బూదెమ్మ ఆ పిల్లను నాకుతూనే ఉండిపోయింది. పక్కనున్న మేకలు ఆమెను ఇవతలికి లాగాల్సి వచ్చింది.

మర్నాడు మందంతా కలిసి ఆమెను ముందు నిలబెట్టింది. తల్లిని బతికించింది కదా! వద్దర్రా, నేను వెనకే నడుస్తానంటే వింటేగా, ముందుకు తోశాయి. ముందు నడిచేవాళ్లకే ఆ గొయ్యి కనపడుతుంది. వెనకవాళ్లకు దుమ్ము తప్ప ఏమీ కనపడదు. గొయ్యిలో నక్క కూర్చుని ఉంది. బాగా ఒళ్లు చేసింది. దాని ముందుకాళ్ల మధ్య తెల్లచుక్క నొసలు.

"చెప్పానా లేదా అక్కా? ముందు నడుస్తున్నావు," అంది మూతి నాక్కుంటూ.

బూదెమ్మకు ఏడవడానికి కూడా సిగ్గేసింది. వెనక్కి తిరిగి, మందంతా వింటుండగా కూతురితో చెప్పేసింది.

"నీ పిల్లను నేనే పొట్టన పెట్టుకున్నానే. ఆ నక్క మాట విని, వాసన చూడకుండా అలిగి పడుకున్నాను."

చుక్కి ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు.

బూదెమ్మ మళ్లీ కట్టెలో మూతి పెట్టింది. తిట్లు మళ్లీ మామూలే. మర్యాదలు లేవు, ముందు నడవడాలూ లేవు. అదనంగా రోజూ మేతకు పోతూ పక్కకు తప్పుకుని గొయ్యిలోకి తొంగిచూసి వచ్చేది. ఏడాది గడిచింది. డొక్కలు బయటపడ్డ నక్క ఓ పొద్దున అక్కడే ఆమెకు ఎదురుపడింది.

"కన్నకూతురే పలకరించదు. మెచ్చుకునే దిక్కు లేదు. ఇంకా దేనికోసమే నీకీ తాపత్రయం?"

"గొయ్యిలో ఏముందో చూశావా?"

"చూశాను. ఏమీ లేదు."

"దానికోసమే," అంది బూదెమ్మ.

నక్క ఆకలితో కొండ దాటి పోయింది, మళ్లీ రాలేదు. అది పోయిన సంగతి మందలో ఎవరికీ పట్టలేదు. బూదెమ్మ ఎప్పటిలాగే వెనక దుమ్ములో నడుచుకుంటూ పోయింది. చుక్కి మళ్లీ చూలుతో ఉంది. అమ్మతో మాటల్లేవు. కానీ అమ్మ వచ్చి వాసన చూసేదాకా కట్టె ముట్టదు.

తప్పిపోయిన కీడుకు ఎవరూ మొక్కరు; మొక్కలేదని అలిగి కూర్చుంటే మాత్రం ఆ కీడు తప్పదు.