తొలి నరుకుడు

ఒకానొక సముద్రపు ఒడ్డున ఓ దొర ఉండేవాడు. చెట్టు కనబడితే బొగ్గు తప్ప మరోటి గుర్తురాని పెద్దమనిషి. ఒడ్డు పొడవునా ఉన్న మడ అడవిని నరికించి బొగ్గు కాల్పించాలనుకున్నాడు. పీతలు పుట్టేది ఆ వేళ్ల మధ్యే. ఉప్పెనను ఆపేదీ ఆ చెట్లే. తుపాన్ల నెల దగ్గరపడుతోంది. అడవి వెనకున్న బెస్తపల్లెకు ముద్ద దిగడం లేదు.

కూలీలు గొడ్డళ్లతో దిగిన పొద్దున, పీతలు పట్టే నూకాలు దొరకు ఎదురొచ్చి దండం పెట్టింది.

"అడ్డుపడ్డానికొచ్చావా?" దొర గద్దించాడు.

"ఎంత మాట బాబూ! మర్యాద తప్పుతోందని చెప్పడానికొచ్చాను. వలలో పడ్డ తొలి చేప తమకే పంపుతాం గదా. మరి తొలి నరుకుడు మా గుడిసెల ముందేంటి? తమ మేడ ముందున్న చెట్లతోనే మొదలెట్టించండి."

నిజమేననుకుని కూలీలు మేడ వైపు నడిచారు.

"ఆగండెహె!" దొర అరిచాడు. "అక్కడ నరికితే ఉప్పెన నా పడగ్గదిలోకొస్తుంది!"

అడుగులు ఆగిపోయాయి. కూలీలందరివీ ఒడ్డు మీది గుడిసెలే.

"మరి మా గుడిసెల దారి ఆ ఉప్పెనకు తెలీదా దొరా?" అంది నూకాలు.

ఒక్కొక్కరే గొడ్డలి కింద పెట్టేశారు. దొర బొగ్గు ఊసెత్తకుండా పల్లకి ఎక్కాడు.

అప్పటికే గాలి తిరిగింది. పల్లెంతా గుడిసెల తాళ్లు బిగించుకోవడానికి పరిగెత్తింది. గుడిసెల ముందు మాత్రం అడవి నిలబడే ఉంది.